నల్లమ్మ ఎడమపక్క

మా ఊరు పామిడికి దగ్గర. వానలు పడేముందు ఆడవాళ్లమంతా ఒక పంచలో చేరి, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తాం. పప్పు మీది ఎర్రపొర చిట్లితే ఆ గింజ మొలవదు. నల్లమ్మ చాటలో ఒక్కటీ చిట్లేది కాదు. పదేళ్లుగా ఆమె ఎడమపక్క చోటు నాది.

ఈ ఎండాకాలం ఆమె చాట నిండా బద్దలే. నీళ్లచెంబు చాపితే చూడనట్టే కూర్చుంది. పొగరనుకున్నాను. ఈ మారెమ్మ నోరు ఊరుకుంటుందా?

"ఏం వదినా, చేతులు ఇంటికాడ పెట్టొచ్చినావా?" అన్నాను. తలెత్తకుండా ఒలిచిన ఇంకో కాయా బద్దలైంది. దాంతో ఇంకా మండింది. "రేపట్నుంచి ఈమెను పిలవద్దండమ్మా. ఈ పప్పు చూస్తే రైతు మన మొగాన కొడతాడు" అని అందరికీ వినపడేటట్టు అన్నాను. మర్నాడు ఎవరూ పిలవలేదు.

నెల తర్వాత కూతురు సారా ఆమెను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. సంగతి అప్పుడు తెలిసింది. లారీ క్లీనర్‌గా తిరిగిన మొగుడు అంటించిపోయిన హెచ్ఐవీకి నల్లమ్మ ఎనిమిదేళ్లు మాత్రలు మింగిందట. పోయినేడు మాతో బెంగళూరు కూలికి వచ్చినప్పుడు ఒకే షెడ్డులో పదిమందిమి పడుకునేవాళ్లం. మాత్రల డబ్బా మా కంటబడితే పక్కన కూర్చోనివ్వమేమోనని భయపడి, దాన్ని ఇంట్లోనే వదిలి వచ్చింది. తిరిగొచ్చినాక, ఒళ్లు బాగానే ఉంది కదా అని మళ్లీ ముట్టలేదు. చాలామంది ఒంట్లో ఊరికే పడి ఉండే ఇంకో వైరస్, ఒంటి బలం తగ్గిన ఆ సందులో లేచి, మెదడులోని తెల్లపదార్థాన్ని తినేసింది. ఎడమచెయ్యి వశం తప్పింది. ఎడమపక్క ఏముందో కళ్లకు ఆనదు. పోయింది రాదనీ, మాత్రలు వేసుకుంటే మిగిలింది నిలవొచ్చనీ డాక్టరు చెప్పాడని సారా అంది.

మాకు భయపడే కదా ఇంత చేసుకుంది! నా నోటిమీద నాకే అసహ్యం వేసింది. బద్దలైనా సరే, మళ్లీ మా గుంపులో కూర్చోమని అడగాలనుకుని నిన్న వాళ్లింటికి పోయాను.

నల్లమ్మ చాపమీద గోడకానుకుని ఉంది. సారా చెప్పిందంతా మరిచి, అలవాటు కొద్దీ ఎడమపక్కనే కూర్చున్నాను. మాట ఎట్లా ఎత్తాలా అని చాప అంచు గిల్లుతున్నాను.

"ఈ పొద్దు గూడా ఎవురూ రాలేదా పాపా?" అని కూతుర్ని అడిగింది.

"వచ్చిండాది మా. మారెమ్మత్త నీ పక్కనే కూర్చోనుండాది."

నల్లమ్మ కుడిచెయ్యి చాపి, కుడిపక్క ఖాళీ చాపను తడిమింది.

"అబద్దాలు చెప్పొద్దు పాపా. నన్ను పిలవొద్దనింది ఆయమ్మే."