జాజు గీత

మొన్న కొలతలు తీసేవాళ్లు మా రాయచూరు గల్లీలోకి వచ్చి, వరద నీళ్లు ఎంతెత్తు వచ్చాయో అడిగి, మురుగునీళ్లు పోయే మోరీ వైపున్న మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు. అది చూడగానే అదే గోడ మీది పాత గీత గుర్తుకొచ్చింది.

పొలాలకు కాలువ నీళ్లు కొత్తగా పారిన ఏళ్లలో నేనీ ఇంటి కోడలినయ్యాను. వాకిట్లో భూమిని తవ్వి కట్టిన పాతరలో ఏడాది తిండికి సరిపడా జొన్నలు పోసేవాళ్లం. ఆ గోడకే మా అత్త జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, ఒక గీత గీసి ఉంచేది. మోరీ పొంగి నీళ్లు ఆ గీతను తాకితే గల్లీ అంతా పనులు వదిలి, పల్లంలో ఉన్న పాతరల్లోని గింజలు ఎత్తిపోయాలని కట్టుబాటు.

ఒక ఏడాది పండుగకు మా మామ, కూలి దండుగని తానే సున్నం కొడుతూ ఆ గీతనూ కప్పేశాడు. వానాకాలంలో మోరీ పొంగినప్పుడు, గీతకింకా జానెడు ఉందని ఆయన, ఎప్పుడో తాకిందని అత్త. “సున్నం కొట్టినోనికి గీత యాదుంటదా” అని ఆమె ఎత్తిపొడుస్తుండగానే నీళ్లు వాకిట్లోకి వచ్చి, గుడగుడమంటూ పాతరలోకి దిగాయి.

వాన వెలిశాక పులిసిన వాసన మొదలైంది. కొన్ని జొన్నలైనా దక్కుతాయని మా ఇంటాయన మూత తీసి, నడుముకు తాడు కట్టుకొని, ఊపిరి బిగబట్టి పోయొస్తానన్నాడు. అత్త అతని రెక్క పట్టి ఆపి, ముందుగా వెలిగించిన కందీలు లోపలికి దించింది. సగం లోతుకు పోయిన దీపం ఎవరో ఊదినట్టు ఆరిపోయింది; లోపల గాలి విషమైపోయింది. నేను ద్వారబంధం పట్టుకొని ఆ పాతర నల్లని నోటి వైపే చూస్తుండిపోయాను.

“జొన్నలు మల్ల పండుతయి కొడకా, నిన్ను ఏడికెల్లి తెద్దును” అంది అత్త.

ఆ ఏడు గంజితోనే గడిపాం. పైసా పైసా కూడబెట్టే మా మామే రాళ్లు కొట్టేవారిని పిలిచి గోడ బండకే గీత చెక్కించి, పాతర నోటి చుట్టూ రాతికట్టు లేపించాడు. వానలకు ముందు గల్లీ వాళ్లందరూ మోరీ పూడిక తీయడం అప్పటినుంచే మొదలైంది.

ఇప్పుడు పాతరలు లేవు, మోరీ మీద బండలు పరిచి దుకాణాలు పెట్టారు. కొత్త ఎర్ర గుర్తు మా పాత గీతకన్నా ఎత్తుగా ఉంది.

“నీళ్లు గీడిదాంక వస్తే ఏం జెయ్యాలె బిడ్డా?” అని రంగు పూసినతన్ని అడిగాను.

“గది నాకెర్కలేదవ్వా, కొలత రాసుకపోవుడే నా పని” అన్నాడు.

అబద్ధమాడలేదు పాపం. గీత తాకితే ఎవరేం ఎత్తాలో ఒకప్పుడు పసిపిల్లలకు కూడా తెలిసేది. ఇప్పుడు మబ్బు పట్టినప్పుడల్లా నేనొక్కదాన్నే గోడ వైపు చూస్తూ, నీళ్లొస్తే ఎవరిని పిలవాలో తెలియక కూర్చుంటున్నాను.