సగం తాతయ్యకి, సగం మాకు

మా అమ్మమ్మ ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు మా ఇంట్లో లేరు. భోజనం చేస్తూనే గిన్నెలు సర్దుతుంది, సర్దుతూనే తాతయ్య చొక్కాకి గుండీ కుడుతుంది, కుట్టు మధ్యలో లేచి కిటికీలోంచి వీధిలోకి ఓ కేక వేస్తుంది. ఆ కేక ఎవరి కోసమో ఆమెకే తెలియదు. వీధి మాత్రం ఎందుకైనా మంచిదని సర్దుకుంటుంది. తాతయ్య ఆమెకి పంకా అని పేరు పెట్టాడు. "దీని స్విచ్చి ఎక్కడుందో పెళ్ళయిన నాటి నుంచీ వెతుకుతున్నాను" అంటాడు.

ఆమె పని బేకరీలో. కాల్చేది వేరేవాళ్ళు, కోసేది ఆమె. అమ్మమ్మ కోసిన కేకులో ఏ ముక్క తీసి ఏ ముక్క పక్కన పెట్టినా కవల పిల్లల్లా ఉంటాయి. ఆ అలవాటే ఇంటికీ తెచ్చుకుంది. ఒక్క అరటిపండు గుమ్మం దాటి లోపలికొచ్చినా ఐదు ముక్కలు కావలసిందే. అమ్మమ్మ, తాతయ్య, మామయ్య, అత్త, నేను. మా అమ్మకి వేరే ఊళ్ళో ఉద్యోగం కాబట్టి ఆ వాటా లెక్కలోకి రాదు. తాతయ్య కిడ్నీలు పాడైనప్పుడు కూడా అమ్మమ్మ అదే లెక్క వేసింది. "నావి పనిచేసేవి రెండున్నాయి, మనుషులం ఇద్దరం. ఇందులో ఆలోచించడానికేముంది?" అని డాక్టర్లనే దబాయించి ఒకటి ఇచ్చేసింది. పంపకాల్లో అదొక్కటే డాక్టర్లు మెచ్చుకున్న పంపకం.

ఆ కిడ్నీని తాతయ్య ఒళ్ళు బయటికి తోసెయ్యకుండా ఆయన రోజూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలావాళ్ళని జోకొట్టి పడుకోబెడతాయి. కాబట్టి ఏ రోగం వచ్చినా ఆయన దగ్గర తీరిగ్గా మకాం వేస్తుంది.

ఆ ఏడు ఊరంతా ఫ్లూ తిరుగుతుంటే తాతయ్యకీ వచ్చింది. మామూలుగా మమ్మల్ని చూసే డాక్టరమ్మ కాప్సూళ్ళు రాసి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అయిపోయేదాకా ఆపకూడదు. ఇవి ఈయనకే" అంది. అమ్మమ్మ అన్నీ బుద్ధిగా విన్నది, ఆ చివరి మాట తప్ప.

ఇంటికి రాగానే కాప్సూల్ నడుం విరిచి, లోపలి తెల్ల పొడిని పళ్ళెంలో పోసి, కత్తి మొనతో గీతలు గీయడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్ అమ్మమ్మా?"

"కళ్ళు లేవా? మందు పంచుతున్నా."

"జ్వరం తాతయ్యకి కదా?"

"ఇవాళ ఆయనకి. రేపు నీకు రాదని ఆ జ్వరం ఏమైనా నీకు మాటిచ్చిందా?"

రోగి కాబట్టి తాతయ్యకి సగం. మిగిలిన సగంలో మా నలుగురికీ నాలుగు చిటికెలు, పంచదార నీళ్ళలో. అత్తకి అప్పటికే కడుపు ఎత్తుగా ఉంది. ఆమె గ్లాసు పట్టుకుని నసిగింది. "అత్తయ్యా, డాక్టరమ్మ మామయ్యగారికి మాత్రమే అంది..."

"లోపలున్న బుజ్జిముండకి కూడా కలిపి నీకు కాస్త ఎక్కువే వేశా. తాగు."

తాగాం. చేదుకి మొహాలు వంకర్లు పోయాయి. తాతయ్య మంచంలోంచి, "నా కిడ్నీలో వాటా, నా రోగంలో వాటా. ఇక నా పేరు మీద మిగిలింది దగ్గొక్కటే" అన్నాడు.

నిజంగానే దగ్గు మిగిలింది. జ్వరం తగ్గినట్టే తగ్గి, మళ్ళీ తలెత్తింది. మళ్ళీ కాప్సూళ్ళు, మళ్ళీ పళ్ళెం, మళ్ళీ గీతలు. నెల దాటినా ఆయన ముక్కు ఆరలేదు. అమ్మమ్మ ఆయన మంచానికీ వంటగదికీ మధ్య తిరుగుతూనే ఉంది. ఆమె చెప్పుల చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది.

సరిగ్గా అప్పుడే అత్తకి జ్వరం పట్టుకుంది.

నిండు నెలల మనిషి కదా, మామయ్య ఆమెని ఆసుపత్రికి తీసుకుని పరుగెత్తాడు. అక్కడ వాళ్ళు అవే కాప్సూళ్ళు లెక్క ప్రకారం, పూర్తిగా వేశారు. ఒక్క చిటికె కూడా ఎవరికీ పోలేదు. అయినా జ్వరం దిగలేదు. ఊపిరి కష్టమైంది. పొట్ట మీద ఏదో బెల్టు కట్టి లోపలి గుండె చప్పుడు వింటున్నారు. అది కాసేపు బాగుంటోంది, కాసేపు తడబడుతోంది. అద్దాల గదిలో అత్త, వరండాలో మేము.

అమ్మమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి. తుడిచే ఆవిడ కర్ర ఆపి, "పెద్దమ్మా, మీరు నడిచినంత మేరా నేను మళ్ళీ తుడవాలి. ఓ చోట నిలబడండి, పుణ్యముంటుంది" అని బతిమాలింది. అమ్మమ్మ నిలబడింది. చేతులు మాత్రం గాలిలో ఏదో కోస్తూనే ఉన్నాయి.

అక్కడి డాక్టరు బయటికొచ్చాడు. కుర్రవాడు, కళ్ళ కింద నిద్ర మూటలు.

"ఆమె ముక్కులోంచి తీసిన నమూనా చూశాం. ఈ వైరస్ ఈ మందుకి లొంగడం లేదు. మీ ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది? వాళ్ళు మందు పూర్తిగా వాడారా?"

మామయ్య అమ్మమ్మని చూశాడు. నేను పైకప్పుని చూశాను. పైకప్పులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

"వాడాం" అంది అమ్మమ్మ. "ఐదుగురం వాడాం."

కాప్సూళ్ళు, పళ్ళెం, గీతలు, పంచదార నీళ్ళు, అన్నీ చెప్పింది. ఆయన గోడకి ఆనుకుని విన్నాడు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

"చూడండమ్మా. వైరస్ ఒంట్లో తన నకళ్ళు తీసుకుంటూ పోతుంది, కోట్లలో. తొందరలో తప్పులు పడతాయి. చాలా తప్పులు దానికే చేటు. ఎక్కడో ఒకటి మాత్రం మందుకి పట్టు దొరకని తప్పు అవుతుంది. మందు అరకొరగా వేస్తే మామూలువి చస్తాయి, ఆ మొండిది మిగులుతుంది. ఇక చోటంతా దానిదే. పైగా మీ ఆయన ఒంట్లో దాన్ని తరిమేవాళ్ళు నిద్రలో ఉన్నారు. వారాల తరబడి తీరిక దొరికింది."

గాలిలో కోస్తున్న అమ్మమ్మ చేతులు ఆగాయి.

"బొద్దింకలు" అంది అమ్మమ్మ.

"ఏంటి?"

"మా బేకరీ ఓనరు బొద్దింకల మందులో నీళ్ళు కలిపి చల్లిస్తాడు. సగం మందుకి సగమే చస్తాయి, మిగిలినవాటి పిల్లలకి నీ మందు షర్బత్తు అవుతుందిరా అని నేనే వాడిని తిట్టాను. అందరి ముందూ తిట్టాను." డాక్టరు మొహంలోకి చూసి అడిగింది. "అయితే ఇది నావల్లేనా బాబూ?"

"ఖాయంగా చెప్పలేను. అలాంటి ఒంట్లో మందు పూర్తిగా వేసినా ఒక్కోసారి ఇలా జరుగుతుంది. వీధిలోంచి వచ్చిందేమో కూడా. మొండిది ఒకసారి పుట్టాక, దగ్గుతోనే పాకుతుంది. మందు మొహం ఎరగని వాళ్ళకి కూడా అదే అంటుకుంటుంది. కానీ సగం మందంటే దానికి దారి ఊడ్చి పెట్టడమే."

కాదనలేదు, అవుననలేదు. ఆ మధ్యలో అమ్మమ్మని వదిలేసి ఆయన లోపలికి వెళ్ళాడు.

మందు మార్చారు. ఈసారిది పొడి, చిన్న డబ్బాలోంచి నోటితో లోపలికి పీల్చాలి. తాతయ్యనీ ఇంటి నుంచి రప్పించారు. ఆయన నమూనాలోనూ అదే మొండిది ఉందని తేలడంతో ఆయన్నీ వేరే గదిలో పడుకోబెట్టి అదే పొడి ఇచ్చారు. మా ముగ్గురికీ పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. అయినా బేకరీకి కొన్నాళ్ళు వెళ్ళొద్దన్నారు. అమ్మమ్మ మాస్కు కట్టుకుని అత్త గది అద్దం ముందు నిలబడింది. నర్సు అత్తకి డబ్బా అందిస్తుంటే అమ్మమ్మ తన చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. వాటి మీద ఆమెకే నమ్మకం లేనట్టుంది.

"కూర్చో అమ్మమ్మా" అన్నాను.

కూర్చుంది! భయమేసింది నాకు. పంకా ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. "లేచి నడువే" అని నేనే చెయ్యి పట్టి లేపాను. తుడిచే ఆవిడ మా ఇద్దర్నీ చూసి బకెట్టు పక్కకి జరుపుకుంది.

జ్వరం వెంటనే దిగలేదు. ఒక మెట్టు దిగి, అర మెట్టు ఎక్కి, మళ్ళీ దిగింది. మూడోనాటి పొద్దున లోపలి చిన్న గుండె తడబడకుండా కొట్టుకుంటోందని నర్సు వేళ్ళతో సైగ చేసింది. మామయ్య గోడకి తిరిగి ముక్కు చీదాడు. "ముక్కు తుడుచుకో, చేతులు కడుక్కో" అని అమ్మమ్మ ఆనందంలో కూడా కసిరింది.

అత్త దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆకలన్నదట. నర్సు పాలు, ఒక బన్ను ఇచ్చింది. అత్త బన్ను అందుకుని మా వైపు చూసింది, నవ్వింది, దాన్ని సరిగ్గా మధ్యకి తుంచింది. మా ఇంటి కోడలు కదా! ఒక సగం అద్దం వైపు చాచి, ఇది మీకు అన్నట్టు పళ్ళెం అంచున పెట్టింది.

అమ్మమ్మ అద్దాన్ని రెండు చేతులా బాదింది.

"పంచావంటే ఊరుకోను! మొత్తం తిను. మొత్తం నువ్వే తినవే!"