తీసేసిన నలభై రెండు రోజులు

మొదట పోయినవి రాస్తాను. కంప్యూటర్ కోర్సుకు కట్టిన మొదటి విడత ఫీజు తొమ్మిది వేలు. కోరుట్ల నుంచి జగిత్యాలకు పోను రాను బస్సు ముప్పై ఆరు రూపాయలు, యాభై నాలుగు రోజులకు పంతొమ్మిది వందల నలభై నాలుగు. మామూలు రోజు వెయ్యి బీడీలు చేసేదాన్ని, క్లాసుకు వెళ్లిన రోజు నాలుగు వందలే అయ్యేవి. అట్లా చేయలేకపోయినవి ముప్పై రెండు వేల నాలుగు వందలు. వెయ్యికి తొంభై చొప్పున రెండు వేల తొమ్మిది వందల పదహారు. ఫోటోలు, జిరాక్సులు, రిజిస్టర్ పోస్టు కలిపి నూట అరవై మూడు. మొత్తం పద్నాలుగు వేల ఇరవై మూడు రూపాయలు. ఇవి గాక ఏడు రోజులు. డబ్బు పోయినందుకంటే ఆ ఏడు రోజులు పోయినందుకే ఎక్కువ కుంగిపోయాను.

నాది పదో తరగతి చదువు. లెక్కలు మాత్రం బడిలో కంటే బీడీల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. కట్టకు ఇరవై ఐదు, వెయ్యికి నలభై కట్టలు, బాగాలేవని బీడీలు తీసుకునే టేకేదారు తీసేసినవి ఎన్ని, వారానికి చేతికి రావలసింది ఎంత. మా వాడలో ఆడవాళ్లందరి లెక్కా నేనే చూసేదాన్ని. నా భర్త సైన్యంలో సిపాయి కావడంతో అందరూ నన్ను మిలిట్రీ వదిన అనేవాళ్లు.

సైనికుల భార్యలు చదువుకుంటే ఫీజు తిరిగి ఇచ్చే సాయం ఒకటి ఉందని ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. జగిత్యాలలో కంప్యూటర్ మీద అకౌంట్లు నేర్పే ఏడాది కోర్సు, పది పాసైతే చాలు. ఫీజు ముందు మనమే కట్టాలి. రసీదు తేదీ నుంచి అరవై రోజుల్లో కాగితాలు ఆయన యూనిట్‌కు పంపాలి. వాటి మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి. మొదటి విడత డబ్బు వస్తేనే రెండో విడత కట్టగలను. అది కట్టకపోతే కోర్సు సగంలో ఆగిపోతుంది.

ఆ తొమ్మిది వేలు సిరిసిల్లలోని మా అక్క ఇచ్చింది. సాంచాల కార్ఖానాకు, అంటే మరమగ్గాలకు, నూలు కండెలు చుట్టి, మోటారు కుట్టుమిషన్ కోసం కూడబెట్టుకున్న డబ్బు అది. మూడు నెలల్లో తిరిగి ఇస్తానన్నాను.

ఫీజు కట్టిన పదకొండో రోజుకు కోర్సు వాళ్లు నేను చేరినట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. పన్నెండో రోజు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి. మేం బీడీల చాటలు పక్కన పెట్టి రోడ్డు మీద వంటావార్పుకు పోయాం.

"ఏం మిలిట్రీ వదినా," అని పక్కింటామె నవ్వింది. "మీ ఆయనేమో ఢిల్లీ సర్కారు జీతం దింటుండు, నువ్వేమో ఢిల్లీ మీదనే లొల్లి జేత్తున్నవు."

"ఆయన జీతం ఆయనది, నా లొల్లి నాది. నువ్వైతే బియ్యం కడుగు."

నాకు సంతకం పెట్టగల ప్రభుత్వ కాలేజీ ప్రిన్సిపాల్ కూడా దీక్షా శిబిరంలోనే కూర్చునేవాడు. కాగితాలు పట్టుకుని అక్కడికే వెళ్లాను.

"పెన్ను పట్టద్దనుకున్నం గదమ్మా," అన్నాడు. "సమ్మె అయిపోనీ, ఫస్టు సంతకం నీకే పెడ్త."

"దినాలు అయిపోతయేమో సార్?"

"ఏ దినాలు? తెలంగాణ మొత్తం బంద్ ఉన్నప్పుడు దినాలు ఏడికెళ్లి నడుస్తయమ్మా?"

ఆ మాట నాకు నచ్చింది. ఒక్క ఆయన మాటే కాదు, అప్పుడు మా దగ్గర అందరిదీ అదే లెక్క. చిట్టీ ఆమె ఆ నెల వాయిదా జరిపింది. టేకేదారు బాకీ అడగలేదు. కిరాణా అతను పుస్తకంలో గీత గీసి, "సమ్మె దినాలు లెక్కల లెవ్వు" అన్నాడు. కోర్సు వాళ్లు కూడా పోయిన రోజులను చివర కలుపుతామని బోర్డు పెట్టారు. నేనూ క్యాలెండర్‌లో సమ్మె రోజుల మీద అడ్డగీతలు పెడుతూ పోయాను.

సమ్మె నలభై రెండు రోజులు సాగి ఆగింది. నా లెక్కలో పోయినవి పదకొండు రోజులే, ఇంకా నలభై తొమ్మిది చేతిలో ఉన్నాయి. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, బీడీల కార్ఖానాకు తునికాకు వచ్చింది. ముందు ఇల్లు తేరుకోవాలని పదకొండు రోజులు పొద్దంతా బీడీలు చేశాను, క్లాసుకు కూడా పోలేదు. పన్నెండో రోజు సంతకానికి వెళ్లాను.

"గిన్ని రోజులు ఏడవోయినవమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్. "నీ కోసమని సమ్మె అయిన తెల్లారే పెన్ను జేబుల పెట్టుకున్న."

ఆ సాయంత్రమే రిజిస్టర్ పోస్టులో పంపాను. జగిత్యాలకు మళ్లీ రోజూ పోయాను. రెండు నెలలు దాటాక మా ఆయన ఫోన్ చేశాడు.

"కాగితాలు వాపస్ అచ్చినయి. అయిదు దినాలు లేటట."

"సమ్మె దినాలు తీసేసిండ్రా?"

"ఎందుకు తీస్తరు? ఈడ సమ్మె లేదు గద."

ఆయనే మళ్లీ అన్నాడు: "మా హవల్దార్ సాబ్‌కు చెప్పి చూసిన. మీ ఊర్ల నలభై రెండు రోజులు పొద్దు పొడువలేదా అని అడిగిండు."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? నవ్విన." ఆ వెంటనే, "వాడ మొత్తానికి లెక్కలు జెప్తవు," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. అంటేనే నయంగా ఉండేది.

ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ దించి అడ్డగీతలతో సహా లెక్కపెట్టాను. సమ్మె ఆగిన రోజుకు యాభై మూడు. ఇంకా ఏడు రోజులు మిగిలే ఉన్నాయి. సంతకానికి ఒక పూట, పోస్టుకు ఒక పూట చాలు. పెన్ను సిద్ధంగా ఉంది, బస్సులు తిరుగుతున్నాయి. ఆ ఏడు రోజులూ నేను ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టాను. తప్పు సమ్మెది కాదు, సైన్యానిది కాదు. ఇంకొకరి చేత జరిగి ఉంటే తిట్టుకుని అయినా ఊరుకునేదాన్ని.

రెండో విడత కట్టలేదు. కోర్సు అక్కడితో ఆగింది.

ఏడాది తర్వాత రెండు వేలు పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. అక్క నోట్లు చూడలేదు, నా చేతివేళ్లు చూసింది.

"గివ్వి బీడీల పైసలేనా?"

"పైసలకు పేరుంటదా అక్కా? తీసుకో."

"నేనిచ్చింది నువ్వు కుర్సీల కూసొని పని జేస్తవని. నౌకరి జేసి ఇయ్యి, తీసుకుంట. బీడీల పైసలు నాకొద్దు."

"నౌకరి రాకపోతే?"

"రాకపోతే నా మిషను నీ దగ్గరున్నదనుకుంట, తియ్యి. చాయ్ తాగుతవా?"

ఆ రెండు వేలు వెనక్కి తెచ్చుకున్నాను. తర్వాత ఒకసారి సాంచాలు ఆగి వాళ్లింట్లో పూట గడవనప్పుడు అదే రెండు వేలు తీసుకుంది, బావ మంచాన పడ్డప్పుడు ఇంకో పదిహేను వందలు. అవి కూడా తలుపు చాటున, మొహం తిప్పుకుని తీసుకుంది. నాకు కుర్చీ ఉద్యోగం రాలేదు. మా ఆయన రిటైరై వచ్చాడు, తెలంగాణ వచ్చింది, నేను ఇంకా బీడీలు చేస్తున్నాను. అక్క ఇప్పటికీ చేత్తో తిప్పే పాత మిషన్ మీదే కుడుతుంది. ఎప్పుడు డబ్బు తీసినా "నౌకరి అచ్చిందా?" అంటుంది. ఆ డబ్బు మళ్లీ కొంగులో కట్టుకుంటాను.

తొమ్మిది వేలలో ముట్టినవి మూడు వేల ఐదు వందలు. నేటికి అక్కకు నా బాకీ ఐదు వేల ఐదు వందలు.