మల్బరీ ఆకు మీద రాతిపొడి

1998 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీకి మేనేజర్‌గా చేరాను. గ్రానైట్‌ను బొగ్గులా పేల్చి తీయరు. పేలుడు మందు ఎక్కువైతే రాతి దిమ్మెలో పగుళ్లు వచ్చి పనికిరాదు. అందుకే జాక్‌హ్యామర్‌తో దగ్గర దగ్గరగా వరుస రంధ్రాలు వేసి దిమ్మెను విడదీస్తారు. రంధ్రంలోకి నీళ్లు వదులుతూ వేస్తే దుమ్ము బురదై కిందికి కారుతుంది. నీళ్లు లేకపోతే గాలిలోకి లేస్తుంది. నిబంధన ప్రకారం తడి డ్రిల్లింగే చేయాలి.

ఆ వేసవిలో క్వారీ గుంతలో నీరు అడుగంటింది. మద్రాసు రేవులో ఓడకు సరుకు అందాలని యజమాని పొడి డ్రిల్లింగ్ చేయమన్నాడు. కుదరదన్నాను. కాగితం మీద అధికారం మేనేజర్‌దే, డ్రిల్లుకు గాలినిచ్చే కంప్రెసర్ తాళం మాత్రం ఆయన మనుషుల దగ్గర ఉండేది. పొడి డ్రిల్లింగే నడిచింది.

గాలి వాలున మునిరత్నం, కాంతమ్మ దంపతుల మల్బరీ తోట ఉండేది. ఆ ఆకుతో పట్టుపురుగులు పెంచేవారు. పురుగు మేత మాని కుబుసం విడిచే దశను ఆ ప్రాంతంలో జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం పాటు ఎడతెరిపి లేకుండా తిని గూడు కడుతుంది. పడ్డ కష్టమంతా ఆ వారంలోనే తేలుతుంది.

సరిగ్గా అప్పుడే ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు.

“నాలుగో జొరం లేసినాది సార్. ఈ వారం మిషన్లు నిలపండి. ఆకు నోట్లో ఏసుకుంటే మనకే కరకరమంటాండాది, పురుగు యాడ తింటాది?” అన్నాడు మునిరత్నం.

యజమానికి ఫోన్ చేసి బతిమాలాను. మిషన్లు ఆపలేదు గాని, తోట కడగమని ట్యాంకర్ పంపాడు. దాన్ని చూసి కాంతమ్మ లబోదిబోమంది.

“తడాకు పెడితే పురుగుకు రోగమొస్తాదన్నా!” అని డ్రైవర్‌కు అడ్డుపడింది. అతను యజమాని చెప్పిన పని చేసి పోయాడు.

ఆకు ఆరేలోపు మళ్లీ దుమ్ము పడింది. మళ్లీ ట్యాంకర్ వచ్చి కడిగింది. ఆకలికి పురుగులు తలలెత్తి వెతుకుతుంటే చూడలేక, చివరికి ఆ దంపతులు తడి ఆకే వేశారు. పురుగులన్నీ మెత్తబడి నల్లగా మారి చచ్చాయి. గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు. కాంతమ్మ ఏడవలేదు. ఖాళీ తట్టలు ఎండలో బోర్లించింది.

నెల తిరక్కుండా తోట పెరికేశారు. మునిరత్నం పని కోసం వచ్చాడు. కాపలా పని ఇస్తానన్నాను.

“మిషను పనే ఇప్పీండి సార్. దుమ్ము మాకేమన్నా కొత్తా?” అన్నాడు.

ముఖానికి తువ్వాలు చుట్టుకుని డ్రిల్లు పట్టుకున్నాడు.

గని నియమాలు డ్రిల్లు పట్టినవాడి ఊపిరి వరకే ఆలోచించాయి. అదీ కాగితం మీదే. ఆకు తినే పురుగు సంగతి నేను చదివిన ఏ నియమంలోనూ లేదు. తర్వాత ఏ క్వారీకి వెళ్లినా, రాయి చూడకముందే గాలి వాలున ఏం పండిస్తున్నారని అడిగేవాణ్ని. చాలాచోట్ల, ఇప్పుడేమీ పండించడం లేదని చెప్పేవారు.