బూడిద గీతలు

పందొమ్మిది వందల యాభైల చివర్లో, గుంతకల్లు జంక్షన్ వెయిటింగ్ రూములో ఆయనతో గడిపింది ఒక్క గంట. పేరు అడగలేదు. పాత పింగాణీ సామాను కొని మద్రాసులో అమ్మే ముసలి సాయిబు. నేను గుడ్డ విప్పి పళ్లెం చేతికిచ్చాను. తాతల నాటి చీనా పళ్లెమని, పూలు చేత్తో వేసినవని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఆయన పూలను బొటనవేలితో తడిమాడు.

“చేత్తో ఏసింటే రెండు పూలు ఒకే మాదిరి ఉండవప్పా. ఇవి అచ్చు పూలు. పళ్లెం అంత పాతది గూడా కాదు.”

ఈ పళ్లెం కోసమే నా భార్యను ఎన్ని తిట్లు తిట్టాను! నీళ్లతో కడగమంటే, “నీళ్లు యాడుండాయి?” అంటూ ఇత్తడి చెంబుల్లాగే దీన్నీ బూడిదతో తోమేది. బంగారు అంచు మొత్తం పోయింది. ఆమె పోయాక దీన్ని చూస్తే ఆ తిట్లే గుర్తొచ్చేవి. అందుకే వదిలించుకుందామనుకున్నాను.

సాయిబు పళ్లేన్ని కిటికీ వెలుగుకు వంచాడు.

“పాతదని నమ్మించేకి కొందరు ఇసకతో రుద్దుతారు. ఆ గీతలన్నీ ఒక పక్కకే పోతాయి. ఇవి అట్ల లేవు. ఎవరో ఏండ్ల తరబడి తోమినారు. దీంట్లో చేతి పనంటే ఈ గీతలే.”

“మా ఇంటామె, సాయిబూ. ఇప్పుడు లేదు.”

ఆయన గుడ్డ తానే చుట్టి, రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు.

ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. చెంబు, గిన్నె బూడిదతోనే తోముకుంటాను. ఆ పళ్లేన్ని మాత్రం, బావి ఎండిన ఏడు కూడా, నీళ్లతోనే కడిగాను.