కిందింటి బుధు నెత్తురు

డాక్టర్ బిందుమాధవికి తన జ్ఞాపకశక్తి మీద నమ్మకం కాస్త ఎక్కువే. మర్యాదకి నమ్మకం అంటున్నాం గానీ, పొగరే. విశాఖపట్నంలో పిల్లల కళ్ళ డాక్టరుగా ఆమెకి మంచి పేరు. ఒకసారి చూసిన పిల్లవాణ్ణి నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ తీసుకొచ్చినా, కాగితాలు తెరవకుండానే "నీకు కుడి కన్ను కదరా మెల్ల" అనేది. తల్లులు మురిసిపోయేవారు. రాసుకోండి మేడమ్ అని నర్సులు చెబితే "నాకు గుర్తుంటుందిలే" అనేది. నిజంగానే గుర్తుండేది కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

1996లో బొర్రా దగ్గర కంటి క్యాంపు పెడితే ఆమె కిరండూల్ పాసింజర్లో వెళ్ళింది. రెండు కొండల అవతలి ఊరి నుంచి సోని అనే పదమూడేళ్ళ పిల్ల, తమ్ముడి చేతికి కర్ర కొస ఇచ్చి నడిపించుకుంటూ వచ్చింది. తమ్ముడి పేరు గాసి. ఎనిమిదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఊరి నర్సు విటమిన్ చుక్కలు వేసింది, తండ్రి కొండదేవతకి కోడిని కోశాడు, ఏదీ పని చేయలేదు. బిందుమాధవి లైటు వేసి చూస్తున్నంతసేపూ వాడు పిడికిళ్ళతో కళ్ళు నొక్కుకుంటూనే ఉన్నాడు. అలా నొక్కీ నొక్కీ కళ్ళు లోపలికి పోయాయి.

"ఎప్పుడూ ఇలాగే నొక్కుకుంటాడా?"

"పసిగుడ్డప్పుడు నుంచీ అంతేనమ్మా. సేతులు కట్టేసినా ఇప్పేసుకుంతాడు" అంది సోని.

దాంతో జబ్బేమిటో తెలిసిపోయింది. కంటి వెనక పొర పుట్టుకతోనే పనిచేయదు. అలాంటి పిల్లలు కళ్ళు నొక్కుకుంటే లోపల మెరుపుల్లాంటివి కనిపిస్తాయంటారు. వాళ్ళకున్న వెలుతురు అదొక్కటే. మందు లేదు, ఆపరేషను లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, బిస్కెట్ పాకెట్టు ఒకటి చేతిలో పెట్టి పంపేసింది. ఆ పాకెట్టు తల్చుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

ఆ సిగ్గే ఆమెని మళ్ళీ మళ్ళీ కొండెక్కించింది. ఆ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త అచ్చియమ్మని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెద్ద అట్ట మీద ఆ కుటుంబం వంశవృక్షం గీసింది. మగవాళ్ళకి గళ్ళు, ఆడవాళ్ళకి సున్నాలు, చూపు లేని వాళ్ళని నల్లగా నింపడం. మూడు తరాల్లో ఐదు నలుపులు తేలాయి. ఐదూ మేనరికాల్లో పుట్టిన పిల్లలే. అట్ట చూసి అచ్చియమ్మ, "ఇంత సదువూ సదివి మా ముసలోల్ల పేర్లు రాసుకుంతన్నావేటమ్మా" అని నవ్వేది. ఏ మాటకా మాటే చెప్పాలి, పట్నంలో ప్రాక్టీసు పెంచుకునే వయసులో ఆ డాక్టరమ్మ చోడి అంబలి తాగుతూ ఆ అరుగుల మీద ఏడేళ్ళు గడిపింది.

2003లో సోనియే వెతుక్కుంటూ క్యాంపుకి వచ్చింది.

"డాక్టరమ్మా, మా సిన్న మాఁవ కొడుకు బుధుతోని నాకు పెల్లి కుదిర్సినారు. నాకు పుట్టినోలు కూడా గాసిలాగుంతారేటి?"

అడిగినంత సూటిగానూ చెప్పింది బిందుమాధవి. "విత్తనంలో పుచ్చులాంటిదే ఇది. పుచ్చు గింజ నీ ఒక్కదాని దగ్గరే ఉంటే బిడ్డకి ఏమీ కాదు. బుధు దగ్గరా ఒకటుండి, రెండూ కలిసి ఒకే బిడ్డకి వస్తే చూపుండదు. మీ ఇద్దరి రక్తం హైదరాబాద్ పంపిస్తాను. కబురు వచ్చేదాకా ఆగగలవా?"

"ఆగుతాను. గాసిని సూసినాను కదమ్మా. ఇంకోన్ని కనలేను" అంది సోని.

కల్లు తెచ్చి మాట ఖాయం చేసుకున్నాక పెళ్ళి ఆపడం ఆ కొండల్లో చిన్న సంగతి కాదు. పెద్దలు తిట్టారు. మంచిరోజు చెప్పే దిసారి రెండుసార్లు రోజు మార్చి విసుక్కున్నాడు. తొమ్మిది నెలలు సోని అన్నీ పడింది.

రక్తం తీసింది శ్రావణంలో. బిందుమాధవి ఎలాగూ వచ్చాను కదా అని ఆ కుటుంబంలో ముప్పై మందికి తీసింది. అక్కడ పుట్టిన వారం బట్టి పేరు పెడతారు. సోని పెద్ద మేనమామకీ, చిన్న మేనమామకీ చెరో బుధవారం చెరో కొడుకు పుట్టాడు కాబట్టి ఆ ఇంట్లో ఇద్దరు బుధులు. ఇంటిపేరు ఒకటే, వయసులో ఏడాది తేడా. ఊరికి వాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. పెద్ద మామ ఇల్లు పైన కాబట్టి వాడి కొడుకు మీదింటి బుధు, సోనికి కుదిరినవాడు కిందింటి బుధు.

వాన ముంచుకొస్తోంది. గెడ్డ పొంగితే జీపు దాటదని డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. రెండు సీసాల మీదా బుధు, బుధు అని రాసి పెట్టెలో పెడుతుంటే అచ్చియమ్మ ఆపింది.

"అమ్మా, ఏ ఇంటోడిదో కూడా రాసేసుకోమ్మా."

"నాకు గుర్తుంటుందిలే అచ్చియమ్మా."

గెడ్డ దాటాక జీపులో ఆ రెండు సీసాలూ ఒళ్ళో పెట్టుకుని తండ్రుల పేర్లు రాసింది. కుర్రాళ్ళిద్దరి ముఖాలూ చక్కగా గుర్తున్నాయి. ఏ సీసా ఎవరిదో కూడా గుర్తున్నట్టే అనిపించింది.

హైదరాబాద్ నుంచి వచ్చిన కాగితం ప్రకారం సోనిలో లోపం ఉంది. కిందింటి బుధులో లేదు. మీదింటి బుధులో ఉంది. మంచి కబురు తనే చెప్పాలని బిందుమాధవి కొండెక్కింది. "ధైర్యంగా చేసుకో" అంది సోనితో. మీదింటి బుధుకి సోని పిన్ని కూతుర్ని అనుకుంటున్నారు. ఆ పిల్లలోనూ లోపం ఉంది కాబట్టి ఆ సంబంధం వద్దని చెప్పింది. డాక్టరమ్మ మాటని వాడు కాదనలేదు. పిల్లని వేరే ఊరికి ఇచ్చేశారు. వాడు దూరాన డొంకరాయికి కూలికి వెళ్ళిపోయి మళ్ళీ ఊరి మొహం చూడలేదు.

2006 మాఘంలో సోని కొడుక్కి నాలుగో నెల. చూసిపోదామని బిందుమాధవి ఊలు టోపీ ఒకటి కొనుక్కుని వచ్చింది. పిల్లవాడి రెండు చేతులకీ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"ఇవెందుకు సోనీ?"

సోని దగ్గరకొచ్చి ముడులు విప్పింది. విప్పీ విప్పగానే ఆ చిన్న పిడికిళ్ళు రెండూ సూటిగా కళ్ళ మీదికి వెళ్ళాయి.

బిందుమాధవికి జీపూ, ఒళ్ళో రెండు సీసాలూ గుర్తొచ్చాయి. అన్నీ గుర్తుండే మనిషికి ఏ సీసా ఎవరిదన్నది మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకి రాలేదు. కిందింటి బుధు దగ్గర మళ్ళీ రక్తం తీసుకుని, ఈసారి వాడి ఎదురుగానే అన్నీ రాసుకుని వెళ్ళిపోయింది. నెలన్నరకి కాగితం వచ్చింది. లోపం ఉంది. అంటే సీసాలు తారుమారయ్యాయి. ల్యాబు వాళ్ళ పొరపాటు అనేస్తే అడిగే నాథుడు లేడు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పడం ఎందుకు, రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు పొద్దున పాసింజరెక్కింది.

వాకిట్లో సోని కాఫీ గింజలు ఎండబోస్తోంది. గాసి మేనల్లుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, వాడి చేతులు కళ్ళ దాకా పోకుండా తన చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. బిందుమాధవి నేల మీదే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. సీసాలు, వాన, అచ్చియమ్మ మాట, తన జవాబు, ఏదీ దాచలేదు.

సోని గింజల్లోంచి చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"అయితే మీదింటి బుధుకి ఏటీ నేదా?"

"లేదు."

"ఆడికి సెప్పినావా?"

"ఇక్కడి నుంచి డొంకరాయే వెళ్తాను."

"తొమ్మిది నెల్లు ఆగినాను కదమ్మా" అంది సోని. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండునని బిందుమాధవికి అనిపించింది. గాసి పిల్లవాడి పిడికిళ్ళు మరి కాస్త గట్టిగా పట్టుకున్నాడు.

సోని చేతులు దులుపుకుని లేచింది.

"ఆ అట్ట తెచ్చినావా?"

సంచిలోనే ఉంది. బిందుమాధవి తీసి నేల మీద పరిచింది. సోని పేరున్న సున్నా కింద చిన్న గడి గీసి, పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

"నింపు. నాను సూత్తాను."

ఆరో నలుపు నింపడానికి చాలా సేపు పట్టింది. సిరా గీత దాటింది. మూత పెట్టబోతుంటే సోని ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏ బుధు కొడుకో అది కూడా ఇక్కడే రాసేయమ్మా. జీపెక్కితే మర్సిపోతావు."