భుజమెత్తు దడి

మా ఇంటికి ఎవరొచ్చినా మా సుసన్నా ఒక మాట చెబుతుంది, "మా ఆయనకు జర ఓపిక వచ్చిందంటె పక్కింటి సదయ్య పుణ్యమే" అని. నిజం కాదు. ఓపిక పడితే ఏమొస్తుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పట్టకపోతే ఏం పోతుందో మాత్రం సదయ్య దడి దగ్గర చూశాను.

గోదావరిఖనిలో మా లైనులో పద్నాలుగో క్వార్టరు అతనిది, పదిహేను మాది. మాది తాతల నాటి నుంచీ గని కుటుంబం, కొత్తగూడెం నుంచి వచ్చాం. గనిని ఇక్కడ బాయి అంటారు. నేను రెండో బాయి దగ్గర దీపాల గదిలో గుమాస్తాను. కిందికి దిగే ప్రతి మనిషి తలదీపమూ నా చేతుల మీదుగానే పోతుంది. సదయ్య సంగతి వేరు. రామగిరి గుట్టల కింది పల్లెలో రెండెకరాలు దున్నుకుంటూ పెరిగినవాడు. అరవై నాలుగులో తట్ట, పార పట్టి బొగ్గు నింపే పనిలో చేరాడు. పెళ్లాం సారక్క, తల్లి లస్మవ్వ పల్లెలోనే ఉండిపోయారు.

అరవై ఐదు దసరా వెళ్లాక సారక్కను తీసుకొచ్చాడు. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్లు. మా క్వార్టర్లు రైలు డబ్బాల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ముందు వరండా, వెనక ఇంత పెరడు, పెరట్లో స్నానానికి ఒక బండ. ఆ బండకూ, షిఫ్టు దిగిన జనం నడిచే దారికీ మధ్య అప్పట్లో గాలి తప్ప ఏమీ లేదు. మా గని కుటుంబాల ఆడవాళ్లు చీకటి ఉండగానే లేచి స్నానం కానిచ్చేసేవాళ్లు. వాళ్లకది అలవాటైపోయింది. సారక్కకు కాలేదు. తాడు లాగి పాత చీర అడ్డం కట్టుకుంది. పదకొండో రోజు పొద్దున ఒక్కసారి గాలి లేచింది. దారిన పోతున్న ఇద్దరు చూసి నవ్వారు. ఆమె తడి జుట్టుతోనే మూట సర్దుకుంది.

"దడి లేని ఇంట్ల మనుషులెట్లుంటరు?" అంది మొగుడితో. "నా భుజమెత్తు దడి లేపు, వస్త. అంతకు మించి లేపకు. నెత్తి బయటుండాలె, సుసన్నక్కతోని మాట్లాడాలె గద."

ఇదేదో మొండితనం అనుకునేరు. వాళ్ల పల్లెలో పిల్లనిచ్చేవాళ్లు ముందు ఇల్లు చూడరట, దడి చూస్తారట. కోడి దూరే సందు కనిపించిందా, కాళ్లు కూడా కడుక్కోకుండా వెనక్కి తిరుగుతారట. దడికి మాసిక వేయడమంటే వాళ్లకు చచ్చేంత నామోషీ. అతుకుల దడి ఉంటే అది అతుకుల సంసారమేనని పేరు పడిపోతుంది. సారక్క తండ్రి కూడా సదయ్య తండ్రి పెంచిన దడిని చూసే పిల్లనిచ్చాడట, ఆ మాట సదయ్య ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అతని మొహం చూసి మాత్రం ఇచ్చి ఉండరని నేననేవాణ్ణి.

ఎండుకంప తెచ్చి పాతితే ఒక పూట పని. కానీ అంతకు ముందటి వేసవిలో ఎవరిదో బొగ్గుపొయ్యి నిప్పురవ్వ ఎగిరి కంపకు అంటుకుని, వరసగా నాలుగు పెరళ్లు కాలాయి. అప్పటి నుంచి కాలనీలో ఎండుకంప వద్దన్నారు. కంపెనీ క్వార్టర్లు కాబట్టి ఎవరికి వాళ్లు గోడ కట్టుకోవడానికి లేదు. ఇక మిగిలింది పచ్చని దడి. నీళ్లు లేకపోయినా బతికేది, మేక కొరికినా మళ్లీ చిగిర్చేది, ముల్లు ఉన్నది కావాలి. సదయ్య సీమచింతను ఎంచుకున్నాడు.

అరవై ఆరు ఎండాకాలమంతా పల్లె నుంచి సీమచింత కాయలు మూటలు మూటలుగా తెచ్చి లైనంతా పంచాడు. "పప్పు మీరు తినుండ్రి, గింజ నాకియ్యుండ్రి" అని ఒకటే షరతు. మృగశిర కార్తెలో తొలివాన పడగానే రెండు వరసలుగా నాటాడు. గింజకూ గింజకూ జానెడు ఎడం, ఈ వరసలో గింజకు ఆ వరసలో సందు ఎదురు. వారంలో మొలిచాయి. షిఫ్టు దిగి వచ్చి ఒళ్లు కడుక్కున్న నల్లటి నీళ్లను కాలువ తీసి వాటికే పారించేవాడు. బొగ్గు తాగి పెరిగిన చెట్టుకు ముల్లు ఎంత ఉంటుందో చూద్దామని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

సీమచింత దడిని పెంచాలంటే నరకాలి. మోకాలెత్తు రాగానే జానెడు మిగిల్చి కోసెయ్యాలి. అప్పుడు కింది నుంచి నాలుగు పక్కలకూ కొమ్మలు తన్నుకొస్తాయి. నడుమెత్తు రాగానే మళ్లీ సగానికి కొయ్యాలి. రెండు కోతలు తిన్న దడిలో పాము కూడా దారి వెతుక్కోవలసిందే. కోయకపోతే చెట్టు నిటారుగా పైకి పోతుంది, కింద బోడిగా మిగులుతుంది. ఇదంతా నాకు నేర్పింది సదయ్యే. మరి తన దడి మోకాలు దాటింది, నడుము దాటింది. కొడవలి మాత్రం చూరులోంచి కిందికి దిగలేదు.

"కోయవా ఏంది?" అని ఒకసారి అడిగాను.

"కోస్త అన్నా. ఈ వానలకు కాదు," అన్నాడు. మొహం పక్కకు తిప్పుకుని అన్నాడు.

అతనికి రాయడం రాదు, ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ప్రతి ఉత్తరంలోనూ దడి ఎంతెత్తయిందో ఉండాలి. నెలకోసారి జీతం తీసుకుని పల్లెకు పోయి, ఒక్క రాత్రి ఉండి వచ్చేవాడు. పోయేటప్పుడు ఈల వేసుకుంటూ పోయేవాడు. తిరిగొచ్చాక రెండు రోజులు పలకరిస్తే ఉలిక్కిపడేవాడు.

"నేను పోతె చెంబుల నీళ్లు తెచ్చిస్తది అన్నా, సుట్టమొచ్చినట్టు," అన్నాడొక సాయంత్రం. "కూసో అంటది. నా పెండ్లాం నన్ను కూసో అనుడేంది? ఆమె కొట్లాడాలె. ఉప్పు తేలేదని తిట్టాలె. నెలకొక్క రాత్రికి ఏం తిడ్తది పాపం."

మేము రోజూ పోట్లాడుకునే మొగుడూపెళ్లాలం. పోట్లాటకు కూడా నోచుకోని మనిషిని ఓదార్చడం నా వల్ల కాలేదు.

అరవై ఎనిమిది వేసవికి దడి పైకొస ఆమె భుజమెత్తుకు లేచింది. "నీ భుజమెత్తయింది, ఇగ రా అని రాయన్నా," అంటూ వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. నేను మా పెరటి గడప దగ్గర కూర్చుని రాస్తున్నాను. అక్కణ్ణుంచి దడి మొదలు కనిపిస్తూనే ఉంది. పైన మంచి గుబురు. కింద మోకాళ్ల దాకా ఒట్టి కాండాలు, వాటి మధ్య నుంచి దారిన పోయే సైకిళ్ల చక్రాలు. అదంతా చూస్తూనే అతను చెప్పినట్టు రాశాను. అతని సంతోషం అలా ఉంది మరి.

సారక్క వచ్చింది. లస్మవ్వ కూడా కోడలి వెంట వచ్చేసింది. పొలం పాలుకిచ్చి, గొడ్లను ఎవరికో అప్పజెప్పి, ఇక ఇక్కడే ఉండిపోదామని రెండు పెద్ద మూటలతో దిగారు. ముసలమ్మకు కుళాయి తెగ నచ్చింది. తిప్పింది, కట్టింది, మళ్లీ తిప్పింది. "బాగనే ఉన్నది పో," అంది.

సారక్క పెరట్లోకి పోయి దడి ఆకును చేత్తో తడిమింది. ఆమె మొహం విచ్చుకోవడం మేమందరం చూశాం. తర్వాత బండ మీద, స్నానానికి కూర్చున్నట్టే కూర్చుని, దారి వైపు చూసింది. కింది సందులోంచి సైకిల్ చక్రాలు పోతున్నాయి.

"కోయలేదా?" అంది చివరికి.

సదయ్య వంగి దడి మొదట్లో రాలిన ఆకులు ఏరసాగాడు.

"మీ నాయినకు పుట్టినోనివేనా నువ్వు? ఎందుకు కోయలె?"

"కోస్తె ఇంకొక ఏడాది అయితది," అన్నాడు సదయ్య. "ఏడాది ఎట్ల ఉండుడే?"

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మర్నాడు పొద్దున బస్సుకు అత్తను తీసుకుని వెళ్లిపోయింది. కోపంగా పోలేదు. "ఈసారి కోసి పెంచు. రెండేండ్లయినా సరె, వస్తం," అని చెప్పి మరీ పోయింది. ఆ మధ్యాహ్నమే సదయ్య కొడవలి తీసి దడినంతా జానెడుకు నరికాడు. మోచేతుల దాకా ముళ్లు గీరుకుని నెత్తురు కారుతుంటే ఆగలేదు, నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఎండాకాలం కోత పనికిరాదంటారు గానీ సీమచింతకు అలాంటి పట్టింపులు లేవు. పది రోజుల్లో చిగురేసింది.

ఈసారి తప్పు చేయలేదు. మోకాలెత్తుకు కోశాడు, నడుమెత్తుకు కోశాడు. కోసిన రోజు మాత్రం అన్నం ముట్టేవాడు కాదు. సుసన్నా గిన్నెలో కూర పంపిస్తే మర్నాడు పొద్దున అలాగే తిరిగొచ్చేది.

అరవై తొమ్మిదిలో, బతుకమ్మ పండుగకు ముందు, లస్మవ్వకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మరుసటి ఏడాది దసరాకు ఇక్కడ దడి పూర్తయింది. కోడిపిల్ల దూరే సందు లేదు. రమ్మని రాయనా అని అడిగితే, "అవ్వ మంచాన పడె. ఆమెనిడిచి ఎట్ల రమ్మందు అన్నా?" అన్నాడు. తల్లిని మంచంతో సహా బండిలో తెద్దామని పోయాడు. ముసలమ్మకు పనిచేసే చెయ్యి ఒక్కటే; ఆ చేత్తో దర్వాజ పట్టుకుని వదల్లేదట. కాళ్లున్నప్పుడు తనంతట తాను నడిచొచ్చిన మనిషి, కాళ్లు పోయాక కదలనంది. అటువంటప్పుడు తన గడప దగ్గరే పోవాలనిపిస్తుంది ఎవరికైనా, తప్పు పట్టలేం.

ఐదేళ్లు ఆ దడి అలా నిలబడింది. సీమచింత ఊరుకునే చెట్టు కాదు, వదిలేస్తే మానవుతుంది. పదిహేను రోజులకోసారి సదయ్య కొసలు కోసి భుజమెత్తుకు తెచ్చేవాడు. తన భుజం కాదు, ఆమె భుజం. తను మాత్రం ఆ బండ మీద ఒక్కనాడు స్నానం చేయలేదు, ముందు మెట్టు దగ్గరే నీళ్లు పోసుకునేవాడు. ఎందుకురా అంటే, "అది ఆమెది," అన్నాడు. అలాంటప్పుడు నాకు అతని మీద కోపం వచ్చేది. ఆ కోపం ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

డెబ్బై ఐదు ఉగాది వెళ్లాక లస్మవ్వ పోయింది. దినాలన్నీ అయ్యాక, వానలు మొదలయ్యే వేళకు సారక్క వచ్చింది. ఆమెకు ముప్పై రెండు. చేను పని, మంచం చాకిరీ కలిసి నలభై దాటినదానిలా చేశాయి. మర్నాడు పొద్దెక్కాక, అంత వెలుతురులో, నీళ్లు కాచుకుని దడి లోపల స్నానం చేసింది. మా పెరట్లోకి నీళ్ల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. సైరన్ కూసి చాలాసేపయింది. సదయ్య డ్యూటీకి పోకుండా గడప మీద కూర్చుని ఆ చప్పుడు వింటున్నాడు.

తల తుడుచుకుంటూ ఆమె లేచి నిలబడింది. దడి సరిగ్గా భుజం దగ్గర ఆగింది. ఇవతల మా పెరట్లో ఉన్న నన్నూ సుసన్నానూ చూసి నవ్వింది. తర్వాత మొగుణ్ణి పిలిచింది.

"అత్త మంచం కాడ కూసొని గిదే ఆలోచన చేసిన, ఐదేండ్లు. చెప్పనా?"

"చెప్పు."

"ఆనాడు పైన దడి మంచిగనే ఉండె. మోకాలెత్తే సందు. రెండు గోనెసంచులు చీరి కింద కట్టుకుంటె అయిపోతుండె గద. అత్తకు అప్పుడు కాళ్లుండె. ముగ్గురం ఈడనే ఉండేటోళ్లం."

సదయ్య ఆమెను చూశాడు, దడి మొదలును చూశాడు. "నాకు తోచలె," అన్నాడు.

"నాకూ తోచలె. మాసిక దడి ఇంట్ల ఉన్నదంటరని సిగ్గాయె. ఏడేండ్లు పాయె," అంది సారక్క. అని, తడి తలగుడ్డతోనే మొహం కప్పుకుంది.

వాళ్లు దడి మనుషులు, వాళ్ల కంటికి గోనెసంచి ఆనలేదు. మరి నాకేమైంది? గని కుటుంబంలో పుట్టినవాణ్ణి, నాకు అలాంటి నామోషీలేవీ లేవు. ఆ వేసవి పొద్దున ఆమెకు ఉత్తరం రాస్తున్నప్పుడు మా పెరటి గడప దగ్గర నేను కూర్చున్నది ఖాళీ బొగ్గు గోనెసంచుల మడత మీద. ఆరో ఏడో ఉంటాయి. వాటి మీద కూర్చునే, ఆ సందులోంచి సైకిల్ చక్రాలు చూస్తూనే, నీ భుజమెత్తయింది, ఇగ రా అని రాశాను.